పండా, పండ్లరసమా?
(ఒంగోలులో స్త్రీల సమాజ కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



చక్కెర వ్యాధి గలవారి ఆహారమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ములను అడిగారు. మేము వైద్యులము కాము. వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్పారు గాని రక్తములోని చక్కెరను గూర్చి నేర్పలేదు. అయినను ఇంటింటికి వెళ్ళి ప్రార్థన చేయు కాపరికి కొన్ని ప్రశ్నలు తప్పవు. ఆ ప్రశ్నలలో ఒకటి మేము తరచుగా వినుచున్నాము. "అయ్యగారూ, అన్నము తగ్గించాను, టీలో పంచదార మానేశాను. బత్తాయి రసము మాత్రము త్రాగుచున్నాను. అందులో పంచదార వేయలేదు. పండులో ఉన్నది దేవుడిచ్చిన తీపే గదా, ఏమీ చేయదు గదా?" అని అడుగుచుందురు.

ఈ ప్రశ్నకు మేము తెలిసికొన్న జవాబు చిన్నది. దేవుడిచ్చినది పండు. రసము మనము చేసికొన్నది. ఆ రెంటికి మధ్య ఉన్న తేడా మన రక్తమునకు బాగుగా తెలియును. ఈ మాటను వివరించుటయే మా ప్రసంగ ఉద్దేశము.

ముందుగా ఈ వ్యాధి ఎంతగా వ్యాపించినదో చూడండి. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతట చేయించిన సర్వే ఫలితములు 2023లో ప్రకటించబడినవి. మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర వ్యాధి ఉన్నదనియు, మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి గుమ్మము దగ్గర నిలిచియున్నారనియు ఆ లెక్కలు తెలుపుచున్నవి. ఒకప్పుడు దీనిని గొప్పవారి జబ్బు అనేవారు. పనిపాటలు లేక కూర్చుండి తినువారికే వచ్చునని అనుకొనేవారు. ఇప్పుడు మిరప కల్లములో ఎండలో వంగి కాయలు ఏరు తల్లికిని, పత్తి తీయు కూలికిని కూడ వచ్చుచున్నది. మన దేశస్థులు చూపునకు సన్నగానే ఉన్నను నడుము చుట్టు కొవ్వు చేరుట, చిన్న వయస్సులోనే ఈ వ్యాధి తగులుకొనుట ఎక్కువని వైద్యులు చెప్పుచున్నారు. కనుక ఇది ఎవరో దూరపువారి సంగతి కాదు. ఈ కూటములో కూర్చున్న ప్రతి వరుసలోను దీనితో పనియున్నవారు ఉందురు.

ఇక పండు సంగతి. బత్తాయిని గాని, జామకాయను గాని తీసికొనండి. అందులోని తీపి విడిగా లేదు. కంటికి కనబడని లక్షల చిన్న గదులలో అది మూసిపెట్టబడి ఉన్నది. ఆ గదుల గోడలే పీచు పదార్థము. మనము పండును నమలునప్పుడు కొన్ని గదులు తెరచుకొనును, కొన్ని మూసికొనియే కడుపులోనికి పోవును. పీచు నీటిని పీల్చుకొని ఉబ్బును, కడుపు నిండినట్లు తోచును, చక్కెర మెల్లమెల్లగా పేగులలోనుండి రక్తములోనికి దిగును. క్లోమము కూడ అంతే నిదానముగా ఇన్సులినును పంపును. ఇన్సులిను అనగా చక్కెరను కణములలోనికి అనుమతించు తాళపుచెవి వంటిది. చక్కెర వ్యాధి గలవారిలో ఆ తాళపుచెవి చాలదు, లేక తాళము తుప్పుపట్టి సరిగా తిరుగదు.

అదే పండును పిండి, వడగట్టి, పిప్పిని పారవేసినప్పుడు ఏమి జరుగును? గోడలు కూలిపోయినవి, గదులలోని తీపియంతయు గ్లాసులోనికి వచ్చినది. నమలుటకు ఏమీ లేదు. రెండు గుటకలలో లోపలికి పోవును. కడుపు దానిని ఎక్కువసేపు నిలుపుకొనదు. తుప్పుపట్టిన తాళము ముందు ఒక్కసారిగా గుంపు వచ్చి నిలిచినట్లు రక్తములో చక్కెర పోగుపడును.

పరిమాణము కూడ ఆలోచించండి. ఒక మనిషి కూర్చుండి నాలుగు బత్తాయిలు ఒలిచి తినుట అరుదు. ఒకటి తినగానే చాలుననిపించును. గాని 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండవలెనంటే మూడు నాలుగు కాయలు పిండవలెను. ఆ గ్లాసు త్రాగి, మరల భోజనమునకు కూర్చుందుము. కమలారసము ఒక గ్లాసులో పంచదార కలుపకపోయినను సుమారు 17 గ్రాముల చక్కెర ఉండును. అనగా నాలుగు చెంచాలు. అంతే గ్లాసు కోలా పానీయములో సుమారు 21 గ్రాములు, ఆపిలు రసములో సుమారు 20 గ్రాములు, ద్రాక్షరసములో 28 గ్రాములకు పైగా ఉండును. కోలాను చూచి భయపడువారు ద్రాక్షరసమును ఆరోగ్యమని త్రాగుచున్నారు. పండ్లరసములో విటమినులు, ఖనిజములు ఉన్న మాట వాస్తవమే. అయితే చక్కెర లెక్కలో మాత్రము అవి దానికి మాఫీ ఇయ్యవు.

1977లో ఇంగ్లండు దేశపు వైద్యులు ఒక చక్కని పరీక్ష చేసి ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెటులో ప్రకటించారు. పదిమందికి ఒకే మోతాదు చక్కెర గల ఆపిలు పండ్లను మూడు విధములుగా ఇచ్చారు. ఒకసారి పండుగా, ఒకసారి మెత్తని గుజ్జుగా, ఒకసారి రసముగా ఇచ్చారు. రసమును పండుకంటె పదకొండు రెట్లు వేగముగాను, గుజ్జుకంటె నాలుగు రెట్లు వేగముగాను ముగించగలిగారు. పండు తిన్నవారికి కడుపు నిండినట్లుండెను, రసము త్రాగినవారికి అంతగా నిండలేదు. రసము తరువాత ఇన్సులిను ఎక్కువగా ఊరి, అటుతరువాత చక్కెర మొదటికంటె దిగువకు జారెను. అందుచేతనే రసము త్రాగిన గంటకో రెండు గంటలకో మరల ఆకలి పుట్టుచున్నది.

మన ఒంగోలు గిత్త లోకప్రసిద్ధి పొందినది. అంత బలము గల ఆ పశువు గడ్డిని మింగి ఊరకుండదు, నీడకు చేరి నెమరు వేయును. మనకు నెమరు లేదు గాని పండ్లు ఉన్నవి. వాటి పనిని మిక్సీకి అప్పగించుట మనకు క్షేమము కాదు.

2013లో బ్రిటిషు మెడికల్ జర్నల్ పత్రికలో వచ్చిన హార్వర్డు విశ్వవిద్యాలయపు పరిశోధన మరి పెద్దది. అమెరికాలో 1,87,000 మందికి పైగా స్త్రీ పురుషులను అనేక సంవత్సరములు గమనించి వ్రాసినది. ద్రాక్ష, ఆపిలు వంటి పండ్లను పండ్లుగా తినువారికి చక్కెర వ్యాధి వచ్చుట తక్కువగాను, పండ్లరసము రోజూ త్రాగువారికి ఎక్కువగాను ఉన్నట్లు అందులో తేలినది. కొద్ది వారములు మాత్రమే జరిగిన కొన్ని పరీక్షలలో రసము వలన పరగడుపు చక్కెరలో పెద్ద మార్పు కనబడలేదని కూడ చెప్పుదురు. అది నిజమే. పరగడుపు చక్కెర ఒకటి, త్రాగిన గంటకు ఎక్కు చక్కెర ఒకటి. వ్యాధి ఉన్నవారు భయపడవలసినది ఆ రెండవ దానిని గూర్చి.

ఇప్పుడు యౌవనస్థులు అడుగుదురు, "అయ్యగారూ, మేము వడగట్టము, పండునంతటిని మిక్సీలో వేసి స్మూతీ చేసికొందుము. పీచు అందులోనే ఉన్నది గదా?" అని. మంచి ప్రశ్న. పీచు పోలేదు గాని ముక్కలైనది. నమలు పని తప్పినది. అయినను స్మూతీని రసముతో ఒకే కట్టలో కట్టుట న్యాయము కాదు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయమువారు గింజలు గల చిన్న పండ్లను గింజలతో సహా మెత్తగా కొట్టి ఆరోగ్యవంతులకు ఇచ్చి చూచారు. చక్కెర పండు తిన్నప్పటికంటె ఎక్కువగా పెరుగలేదు, కొంత తక్కువగా కూడ ఉండెను. గింజలు నలిగి వాటిలోని పీచు, నూనె బయటికి వచ్చుట కారణము కావచ్చునని తలంచారు. అవి చిన్న పరీక్షలు, పంచదార కలుపని పండ్లతో ఆరోగ్యవంతులకు చేసినవి.

మన అంగళ్ళలో గ్లాసులో పోసి ఇచ్చునది వేరు. ఒంగోలుకు దక్షిణమున జాతీయ రహదారి ప్రక్కనున్న ఉలవపాడు మామిడికి, సపోటాకు పేరుపొందినది. ఆ సపోటాతో చేయు మిల్కుషేకును లెక్క వేసి చూడండి. 150 గ్రాముల సపోటా గుజ్జులో సుమారు 30 గ్రాములు, మూడు చెంచాల పంచదారలో 15 గ్రాములు, గ్లాసుడు పాలలో 9 గ్రాములు. మొత్తము 54 గ్రాములు. పైన ఐస్‌క్రీము వేస్తే ఇంకను ఎక్కువ. పీచు ఉన్నదన్న ఓదార్పు ఇంత బరువును మోయలేదు. ఇంటిలో చేసికొనదలచినవారు పంచదార, తేనె, ఖర్జూరము వేయక, ఒక్క పండునకు సరిపడు గుజ్జును చిక్కని పెరుగుతో కలిపి, చిన్న గ్లాసుతో, మెల్లగా త్రాగుట మేలు. తేనెను పంచదార కాదనుకొందురు గాని రక్తములో దానికి వేరే మర్యాద లేదు.

ఎండకాలము వచ్చినదంటే రోడ్డు ప్రక్కన చెరకు రసపు బండ్లు గలగలలాడుచుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో పుట్టి శతవత్సరములు దాటిన సంస్థ, 2024లో దేశ ప్రజలకు ఆహార మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. 100 మిల్లీలీటర్ల చెరకు రసములో 13 నుండి 15 గ్రాముల చక్కెర ఉన్నదనియు, దానిని బాగుగా తగ్గించవలెననియు, పండ్లరసముకంటె పండ్లే మేలనియు అందులో చెప్పారు. బండి మీది పెద్ద గ్లాసు 250 మిల్లీలీటర్లు అనుకొన్నను 32 గ్రాములకు పైగా చక్కెర అగును. కొబ్బరినీళ్ళలో చక్కెర ఇంతకంటె చాల తక్కువ. అయితే చక్కెర వ్యాధి ముదిరి మూత్రపిండములు దెబ్బతిన్నవారికి వాటిలోని పొటాషియము ప్రమాదము. వారు కొబ్బరినీళ్ళు గాని, బత్తాయి రసము గాని వైద్యునితో చెప్పకుండ త్రాగకూడదు.

దాహమును గూర్చి ఒక హెచ్చరిక చేయవలెను. రక్తములో చక్కెర బాగుగా పెరిగినవారికి మాటిమాటికి మూత్రము వచ్చును, నాలుక ఎండిపోవును, దాహము వేయును. ఎండ వలన దాహమనుకొని వారు చెరకు రసము, సీసాలలోని మామిడి పానీయము త్రాగుదురు. చక్కెర ఇంకను పెరుగును, దాహము ఇంకను పెరుగును. ఇది అగ్నికి ఆజ్యము పోసినట్లే. ఆపలేని దాహము, బరువు తగ్గుట, మానని పుండు కనబడినవారు పానీయములు వెదకుట మాని, ఆ దినముననే రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఎండలో పనిచేయువారికి కావలసినది నీరు, ఉప్పు. పల్చని మజ్జిగ, పంచదార లేని ఉప్పు నిమ్మకాయ నీళ్ళు మన పెద్దలు మరిగినవే. వాటికంటె మంచివి అంగడిలో లేవు.

సీసాలలోను డబ్బాలలోను వచ్చు రసము చరిత్రకు సంఘముతో సంబంధము ఉన్నది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు, ప్రభు బల్లలో మత్తు లేని ద్రాక్షరసము వాడవలెనను కోరికతో, రసమును వేడిచేసి పులియకుండ సీసాలో నిలువచేయు పద్ధతి కనిపెట్టాడు. ఆ దేశములో పండ్లరసపు పరిశ్రమకు అది ఆరంభమైనది. బల్ల కొరకు పుట్టినది బజారునకు చేరి, ఆరోగ్యమను పేరుతో ఇంటింటికి వచ్చినది. నీరు తీసివేసి చిక్కగా నిలువచేసిన రసమునకు మరల నీరు కలిపి, నూరు శాతము పండ్లరసమని అచ్చువేయుట తప్పుదారి పట్టించునని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2024 జూనులో ఆ మాటను తీసివేయుమని ఆజ్ఞాపించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే పండ్లరసములోని చక్కెరను, తేనెను, పంచదారను ఒకే తరగతిలో చేర్చి, అవన్నియు కలిసి రోజుకు తిను ఆహార శక్తిలో పదవ వంతుకు లోపల ఉండవలెనని, 25 గ్రాములకు తగ్గితే ఇంకను మేలని తెలిపినది. పండును పండుగా తినినప్పుడు అందులోని చక్కెరను ఆ లెక్కలో చేర్చలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నను చాలును.

ఇక మన సంఘ జీవితములోనికి వచ్చెదము. మన ప్రేమ ఎక్కువగా గ్లాసులోనే కనబడుచున్నది. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోవునప్పుడు రసపు డబ్బాలు తీసికొనిపోవుదుము. వచ్చిన అతిథి వద్దనినను చేతిలో గ్లాసు పెట్టుదుము. పెండ్లి విందులో త్రాగకపోతే నొచ్చుకొందుము. చక్కెర వ్యాధి ఉన్న తల్లి ఇంటింటికి వెళ్ళి నాలుగు ఇండ్లలో ఎవరి మనస్సు నొప్పించలేక త్రాగి, రాత్రి చూచుకొంటే చక్కెర మూడువందలు దాటి ఉండును. ఆమెను బలవంతపెట్టకుండుటయే ప్రేమ. చూడబోవునప్పుడు రెండు జామకాయలు తీసికొనిపోండి. పలుకరించుటకు వచ్చినవారికి మజ్జిగ ఇయ్యండి.

ఉపవాస ప్రార్థనలు మనకు ప్రియమైనవి. అయితే ఇన్సులిను గాని, చక్కెరను బాగుగా తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యునితో మాట్లాడకుండ ఉపవాసముండరాదు. మధ్యలో చక్కెర పడిపోవచ్చును. సాయంకాలము ఉపవాసము విడుచునప్పుడు పెద్ద గ్లాసు ద్రాక్షరసముతో విడుచుట ఆచారమైనది. ఏ కీడు తోచనివారు, పరీక్షలో చక్కెర పడియుండనివారు, నీళ్ళతో విడిచి, మితమైన భోజనము చేయుట మంచిది.

కొందరు మెల్లగా అడిగిన మరియొక ప్రశ్న ఉన్నది. "ప్రభు బల్లలో ద్రాక్షరసము పుచ్చుకొనవచ్చునా?" అని. చిన్న గిన్నెలో పోయునది సుమారు 10 మిల్లీలీటర్లు. అందులో చక్కెర గ్రామున్నరకు మించదు. దానికి భయపడి బల్లకు దూరముగా ఉండనక్కరలేదు.

ఇంతవరకు రసమును నిందించినాము. ఇప్పుడు దాని పక్షముగా మాట్లాడవలెను. ఏ వేగము వలన రసము హాని చేయుచున్నదో, ఆ వేగమే ఒక సమయమున ప్రాణము నిలుపును. మందులు వాడుచున్నవారికి భోజనము ఆలస్యమైనప్పుడు చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పోవచ్చును. చెమటలు పట్టును, చేతులు వణకును, గుండె దడదడలాడును, మాట తడబడును, కొందరు కోపముగా మాట్లాడుదురు. అప్పుడు జామకాయ నమలుమనుట కాదు. వెంటనే 15 గ్రాముల చక్కెర గల పండ్లరసము, లేక మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి త్రాగించవలెను. అకార్బోసు, వోగ్లిబోసు మాత్రలు వాడువారికి మామూలు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇయ్యవలెను. 15 నిమిషములకు మరల పరీక్షించి, పెరుగకపోతే మరల ఇయ్యవలెను, కుదుటపడిన తరువాత భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏమియు పోయకూడదు. పొరపోవును. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కనుక ప్రతి దేవాలయములో, ప్రతి స్త్రీల కూటములో ఒక చిన్న గ్లూకోజు పొట్లము ఉంచుమని మా మనవి.

మరి ఏ పండు తినవలెను? జామ, నేరేడు, బొప్పాయి, బత్తాయి, ఆపిలు వంటివి రోజుకు ఒకటి రెండు చిన్న వంతులుగా తినవచ్చును. జామకాయ 100 గ్రాములలో 5 గ్రాములకు పైగా పీచు ఉన్నది, ధర కూడ పేదవానికి అందునది. మామిడి, సపోటా, అరటి, సీతాఫలము పూర్తిగా నిషేధములు కావు. సగము పండు చాలును, నిండు భోజనము మీద కాక విడిగా తినండి. తొక్కతో తినదగినవాటిని కడిగి తొక్కతోనే తినండి. నేరేడు రసము, కాకర రసము వ్యాధిని నయము చేయునని నమ్మి మాత్రలు మానవద్దు. ఇంటిలో చక్కెర చూచు యంత్రము ఉన్నవారు ఒక దినము పండు తిని గంటకు, రెండు గంటలకు చూచుకొనండి. మా ప్రసంగముకంటె ఆ అంకెలు స్పష్టముగా మాట్లాడును.

తల్లులారా, వ్యాధిగ్రస్థునికి పండు నిషేధము కాదు, తీపి శాపము కాదు. సృష్టికర్త తీపిని పీచులో చుట్టి, నీటితో కలిపి, తొక్క కప్పి మనకిచ్చాడు. ఆ కట్టును విప్పకుండ, తొందరపడకుండ, నమిలి తినువారికి అది ఆహారముగా ఉండును. మన వడ్డనలో ఈ జ్ఞానము ఉండును గాక.